తొమ్మిదో ఊపిరి

తొమ్మిదేళ్లుగా ‘బరి’లో ఒకటే గొడవ. ఆ రెండూపిర్ల విరుపు ఎవరిది? మొగిలిదా, దస్తగిరిదా?

‘బరి’ అంటే పహిల్వాన్లు దిగే బరి కాదు లెండి. ఫోన్లలో నడిచే చర్చల వేదిక. తెలుగు ర్యాప్ అంటే చెవి కోసుకునేవాళ్లు అందులో నాలుగు లక్షల మంది ఉన్నారు. పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా అందులోకి దూకి ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటారు. టాప్ టెన్ ఎవరు, టాప్ త్రీ ఎవరు, ఒక్కడే అయితే ఎవడు... ఈ లిస్టుల మీద ప్రాణస్నేహితులు మాటలు మానేశారు. కుదిరిన పెళ్లి సంబంధం ఒకటి తప్పిపోయిందని కూడా అంటారు, అదెంతవరకు నిజమో తెలియదు.

ఇక ఆ విరుపు సంగతి. పాట మంచి జోరు మీద పోతూ పోతూ ఉండగా పాడేవాడు టక్కున ఆగుతాడు. చిన్న ఊపిరి ఒకటి, దాని వెనకాలే ఇంకా చిన్నది మరొకటి తీసి, మళ్లీ అందుకుంటాడు. అంతే, ఇంకేం లేదు. కానీ ఆ క్షణాన వినేవాడి ఒళ్లు ఝల్లుమంటుంది. కరీంనగర్ మొగిలి పాటల్లోనూ అదే ఉంది, హైదరాబాద్ దస్తగిరి పాటల్లోనూ అదే ఉంది. ఎవరు ఎవరి దగ్గర కొట్టేశారన్నదే తగువు.

ఉప్పల్లో ఒక మూడో అంతస్తు ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద కూర్చుని సమ్మయ్య ఆ పొద్దున కూడా ఆ తగువులోనే ఉన్నాడు. వయసు నలభై ఒకటి, చూస్తే అరవై అనిపిస్తాడు. ముక్కుకు సన్నటి గొట్టం, పక్కన గుర్రుమంటూ ఆక్సిజన్ మిషన్. గ్రానైట్ కోసే యార్డులో పద్నాలుగేళ్లు పనిచేసినందుకు ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుపోయింది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. అందుకే నోటితో అనాల్సినవన్నీ వేళ్లతో అంటాడు.

“ఈ నల్లగుట్ట నవాబుగాడు మల్లొచ్చిండే,” అన్నాడు ఫోన్ మీంచి తల ఎత్తకుండా. “మొగిలికి దమ్ము లేదంట. దస్తగిరే అసలంట. ఉండు, వీని సంగతి చెప్త.”

“ముందు రొట్టె తిను. తర్వాత చెప్పు వాని సంగతి,” అంది రజిత, జొన్నరొట్టె పళ్లెం ఒళ్లో పెడుతూ. ఆమె సమ్మయ్య చెల్లెలు. శ్రవణ విజ్ఞాన కేంద్రంలో పరిశోధకురాలు. ఊరూపేరూ తెలియని ఆ నవాబుతో అన్న రోజుకు మూడు పూటలా కొట్లాడతాడని తెలుసు. ఆ కొట్లాట లేని రోజు అన్నం సహించదనీ తెలుసు.

“ఆదివారం మీ మిషన్ చెప్తది గద, ఎవడు నంబర్ వన్నో. అప్పుడు నవాబుగాని మొకం సూడాలె.”

“ఒకవేళ దస్తగిరి వస్తే?”

“అయితే నీ మిషన్ ఖరాబైనట్టు,” అన్నాడు సమ్మయ్య తడుముకోకుండా.

ఆ మిషన్‌ను ‘ఊపిరి పట్టీ’ అంటారు. నాలుగు వేళ్ల వెడల్పు రబ్బరు పట్టీ. పక్కటెముకల చుట్టూ కట్టుకుంటే మనిషి ఊపిరి ఎక్కడ తీశాడో, ఎక్కడ బిగబట్టాడో వెంట్రుకవాసి తేడా లేకుండా గీత గీస్తుంది. రజితా, ఆమె పై అధికారి సూర్యనారాయణరాజు గారూ నాలుగేళ్లు తంటాలు పడి చేశారు. ఒక గొంతుకు మనసు నిజంగా లొంగితే, పాడేవాడు ఊపిరి తీసినచోటే వినేవాడూ తీస్తాడు, తనకు తెలియకుండానే. నోరు ఎన్ని లిస్టులైనా రాస్తుంది. ఛాతీ మాత్రం అబద్ధం చెప్పలేదు. ఈ సంగతి చెవినపడి బరి నడిపేవాళ్లే కేంద్రానికి పరుగెత్తుకొచ్చారు. రెండు వర్గాల నుంచీ మూడు వందల మంది అభిమానులను ఇస్తాం, తగువు తీర్చండి మహాప్రభో అన్నారు.

ఆ రోజు కేంద్రంలో రజిత వెళ్లేసరికి రాజు గారు బుర్ర గోక్కుంటూ కూర్చున్నారు. ఆయనది భీమవరం వైపు.

“ఇదేంటండీ బాబూ, రజిత గారూ! ఈ అమ్మాయిని చూడండి. బ్యాంకులో పనిచేస్తుంది, దస్తగిరంటే పడి చస్తుంది. మొగిలి పాట ఒక్కటంటే ఒక్కటి కూడా విననని ఒట్టేసి చెప్పింది. పాటలన్నీ అయిపోయాక పట్టీ విప్పడం మర్చిపోయారు మనవాళ్లు. పావుగంట ఊరికే కూర్చుంది. గీత చూడండి.”

రజిత చూసింది. పాట లేదు, సంగీతం లేదు. అమ్మాయి నిమ్మళంగా ఊపిరి తీస్తోంది. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. తొమ్మిదో ఊపిరి దగ్గర గీత విరిగింది. చిన్నది ఒకటి, ఇంకా చిన్నది మరొకటి. మళ్లీ ఒకటి నుంచి మొదలు. మళ్లీ తొమ్మిది దగ్గర అదే విరుపు.

“ఈమె ఒక్కతేనా?”

“అందరినీ ఊరికే కూర్చోబెట్టి చూశానండి. నిన్న వచ్చిన ఎనభై మందికీ ఇదే. మొగిలి వర్గం, దస్తగిరి వర్గం తేడాయే లేదు. ఏళ్ల తరబడి విన్నారు కదా, ఒంట్లో ఉండిపోయింది. మా డాక్టర్లను అడిగాను, దీనివల్ల హాని ఏమీ లేదన్నారు. తమాషా ఏంటంటే, పాటల్లో వాళ్ల సొంత ఊపిర్లతో పోల్చి చూస్తే ఈ ఊపిరి దస్తగిరిది కాదండీ. అతను మొదట్లో మొగిలి పాటలు వింటూ నేర్చుకున్నాడు. పోనీ మొగిలిదా అంటే, మొగిలిదీ కాదు. అతనూ ఎవరి దగ్గరో పట్టుకున్నాడు.”

వాళ్లు మిగతా అభిమానులకూ పట్టీ కట్టి చూస్తూ మూడు రోజులు కంప్యూటర్‌కు అదే పని పెట్టారు. దస్తగిరి ఊపిరిని తీసేయ్, మొగిలి ఊపిరిని తీసేయ్, ఎవరి సొంత ఊపిరి వాళ్లది తీసేయ్, అడుగున ఏం మిగులుతుందో చూడు అని. ఉల్లిపాయ వలిచినట్టు పొర తర్వాత పొర తీస్తూ పోతే నాలుగో రోజు పొద్దున అడుగున ఒకే ఒక్క ఊపిరి మిగిలింది. మూడు వందల మందిలోనూ ఉంది అది. మూడు వందల మందిలో ఎవరిదీ కాదు.

రాజు గారు బల్ల మీద రబ్బరు ఛాతీ పెట్టారు. డాక్టరీ చదివేవాళ్లు వాడే బొమ్మ అది. తల లేదు, చేతులు లేవు, గాలి నింపితే పొంగే ఛాతీ మాత్రమే. కంప్యూటర్‌లో మిగిలిన ఆ ఊపిరిని దానికి ఇచ్చారు.

బొమ్మ ఊపిరి తీసింది. రజిత చేతిలో టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

కరీంనగర్లో వాళ్లది ఒక్క గది ఇల్లు. చిన్నప్పుడు ఆమె చాప అన్న చాప పక్కనే. నిద్ర పట్టకపోతే అన్న ఊపిర్లు లెక్కపెట్టేది. ఎనిమిది దాకా సాఫీగా పోయి తొమ్మిదో దగ్గర చిన్నగా ఆగేది. ఎందుకట్లా అని ఒకసారి అడిగితే సమ్మయ్య నవ్వాడు. యార్డులో రంపం రాయి మీద ఈ కొస నుంచి ఆ కొసకు పోయి వెనక్కి తిరిగేసరికి సరిగ్గా తొమ్మిది ఊపిర్లు పడుతుందట. తిరిగేటప్పుడు పొడి మొహాన కొడుతుంది, అప్పుడు ఊపిరి బిగబట్టాలి. నిద్రలో కూడా ఒళ్లు ఆ లెక్క మర్చిపోలేదు.

ఆ ఊపిరే ఇది. నాలుగేళ్లుగా ఆక్సిజన్ మిషన్ గుర్రు కింద ఎక్కడా వినిపించని ఊపిరి, నిండుగా, బలంగా, బల్ల మీద రబ్బరు బొమ్మలో పొంగుతూ తగ్గుతూ ఉంది. ఆ మనిషి పాట రేడియోలో రాలేదు, ఫోన్లో లేదు, ఏ లిస్టులోనూ అతని పేరు లేదు. అయినా ఈ క్షణాన ఎక్కడెక్కడో బస్సుల్లో, ఆఫీసుల్లో, నిద్రల్లో లక్షల ఛాతీలు అతనిలా పొంగుతున్నాయి. రజితకు ఒళ్లంతా గగుర్పొడిచింది. దేవుడా, ఎంత పెద్దవాడివి అన్నా నువ్వు అనుకుంది.

అప్పుడు బొమ్మ తొమ్మిదో ఊపిరికి వచ్చింది. ఒకటి, దాని వెనకాల మరొకటి.

చిన్నప్పుడు ఒక్కటే ఉండేది. రెండు లేవు. రెండోది ఎప్పుడు వచ్చింది? మొగిలి మొదటి పాట వచ్చి పదేళ్లు. అప్పటికే రెండు. ఇంట్లో అందరికీ అన్న జబ్బు తెలిసింది నాలుగేళ్ల కింద. రజిత గ్లాసు కింద పెట్టింది. అంటే అంతకు ఆరేళ్ల ముందే అన్నకు దమ్ము అందడం లేదన్నమాట.

“ఎవరండీ ఈయన? మీకు తెలిసినట్టుందే!” అన్నారు రాజు గారు ఆమె మొహం చూసి. “ఆదివారం లిస్టులో మొదటి పేరు ఈయనదే రావాలి కదండీ.”

“సాయంత్రం అడిగి చెప్తా సార్,” అంది రజిత.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులైనా విప్పకుండా అన్న ముందు నిలబడింది. “మొగిలి నీ కాడనే నేర్చుకున్నడా?”

సమ్మయ్య ఫోన్ పక్కన పెట్టాడు, అదే పెద్ద విశేషం.

“నా రంపం పక్కనే వాని రంపం,” అన్నాడు. “ఆ సప్పుడుల నేను లైన్లు కట్టేది. వాడు పట్టుకునేది. ‘రాయి కోస్తే పొడి లేస్తది, పొడి లేస్తే పొద్దు మాస్తది, పొద్దు మాసినా మా చేతుల్ల పని మెరుస్తది.’ గిక్కడ నాకు దమ్ము అందకపోయేది. ఆగి రెండు సార్లు పీల్చుకునేటోన్ని.” ఆయాసం తీర్చుకుని మళ్లీ అందుకున్నాడు. “వాడు లైనుతోటి పాటు అది గూడ నేర్చుకున్నడు, పిచ్చోడు. స్టైలనుకున్నడే! నాకు తెల్సినప్పుడు నవ్వు ఆగలే.”

రజితకు నవ్వు రాలేదు. “అంటే అప్పటికే నీకు జబ్బుంది. నీకు ఎర్కే.”

“డాక్టర్ చెప్పిండు. యార్డు ఇడిసిపెట్టుమన్నడు.”

“మరి ఎందుకు ఇడిసిపెట్టలే? ఆరేండ్లు దాచిపెడ్తవా? మేమేం సచ్చినమా?” ఆమె గొంతు లేచింది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

సమ్మయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. “బయట ప్రయత్నం చేసిన్నే. బస్టాండుల కూసున్న, మానేరు డ్యాం కాడ కూసున్న. ఒక్క లైన్ రాలే. రంపం సప్పుడు ఉంటెనే నాకు మాట పుడ్తది. రంపం ఇడిసిపెడ్తే పాట ఇడిసిపెట్టినట్టే. ఏది ముందు పోవాలెనో నేనే సూసుకున్న. తప్పే. ఇప్పుడేం చేస్తవ్?”

ఏం చేస్తుంది? మంచం అంచున కూర్చుని అతని పాదాల మీద చేయి వేసింది. రాతిపొడి కడుక్కుంటే పోయేదైతే ఆ రాత్రంతా కడిగేది.

“ఆదివారం నీ పేరు చదువుత,” అంది. “నంబర్ వన్ అని. మొత్తం లోకం వినాలె.”

“వద్దు.”

“ఎందుకు వద్దు?”

“సూడు రజితా. డాక్టర్ నాతోని మెల్లగ మాట్లాడ్తడు. నువ్వు మెల్లగ మాట్లాడ్తవు. కింద కూరగాయల ఆయన గూడ నన్ను సూస్తే గొంతు తగ్గిస్తడు.” ఫోన్ తీసి చూపించాడు. “ఈ నవాబుగాడు ఒక్కడే నన్ను ఇష్టమొచ్చినట్టు తిడ్తడు. బరిల నేను పేషెంట్ కాదే, మొండోన్ని. నువ్వు పేరు చదివినవనుకో, రేపటి సంది అందరు దండం పెడ్తరు. దండం పెట్టేటోనితోని ఎవడన్న కొట్లాడ్తడా? గప్పుడు నేను నిజంగనే సచ్చినట్టు.”

లోకానికి అన్నను చూపించాలని రజిత ప్రాణం కొట్టుకుంటోంది. అతనికేమో ఆ చూపే వద్దు. పేరు చెప్పకపోతే పదేళ్ల దొంగతనానికి తానూ ముద్ర వేసినట్టు. చెప్తే అతనికి మిగిలిన ఒక్క లోకాన్నీ తన మిషనే మింగేసినట్టు.

“సరే, పేరు సంగతి తర్వాత,” అంది. “హాలుకైతే రా. ఒక్కసారి వచ్చి కూర్చో. అప్పుడు కూడా వద్దంటే నీ ఇష్టం.”

ఆదివారం పొద్దున పదింటికి కేంద్రం హాలు కిక్కిరిసింది. కుడివైపు మొగిలి వర్గం, ఎడమవైపు దస్తగిరి వర్గం. ఇద్దరు గాయకులూ వేదిక మీద చెరో కుర్చీలో ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. చిట్టచివరి వరసలో, చిన్న సిలిండర్ ఉన్న చక్రాల కుర్చీలో, తలకు మఫ్లర్ చుట్టుకుని సమ్మయ్య. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు.

“అందరూ పట్టీలు కట్టుకున్నారు కదండీ,” అన్నారు రాజు గారు మైకులో. “కళ్లు మూసుకోండి. పాట వేయం. మాట్లాడం. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి, చాలు.”

దీపాలు తగ్గాయి. మొదట్లో దగ్గులు, కుర్చీల కిర్రులు, ఒకరి ముసిముసి నవ్వు. మెల్లగా అన్నీ సద్దుమణిగాయి. మూడు వందల మంది ఊపిర్లు ముందు తలోదారిన నడిచాయి. పక్కవాడి ఊపిరి వింటూ వింటూ ఒకటొకటే దగ్గరికొచ్చాయి. రెండో నిమిషానికి హాలంతా ఒకే ఛాతీ అయింది. పొంగింది, తగ్గింది. గోడలు కూడా పొంగి తగ్గుతున్నాయనిపించింది రజితకు.

ఎనిమిది. తొమ్మిది.

మూడు వందల గొంతుల్లో ఒకేసారి ఆ విరుపు వచ్చింది. చిన్నది, దాని వెనకాల ఇంకా చిన్నది. రాజు గారు ఉన్నచోటే రెండు చేతులూ జోడించారు. శాస్త్రవేత్త ఎవరికి దండం పెట్టారో ఆయనకే తెలియదు.

సమ్మయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అతని ఛాతీ పట్టుమని పావు వంతు కూడా లేవదు. కానీ ఆ పావు వంతే వాళ్లతో పాటు లేచింది, వాళ్లతో పాటు దిగింది. పదేళ్ల కింద పోగొట్టుకున్నదంతా హాలు నిండా అతని చుట్టూ ఆడుతోంది. అతను తీయలేని ఊపిరిని వాళ్లంతా తీస్తున్నారు. వేలి క్లిప్పు మీద ఎనభై ఎనిమిది ఉన్నది తొంభై ఒకటయింది. మర్నాటికి మళ్లీ ఎనభై ఎనిమిదికే వచ్చింది, అది వేరే సంగతి.

“నా దమ్మేనే ఇది,” అన్నాడు చెల్లెలి చెవిలో. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. “నా ఒంట్ల లేకుంటే ఏమాయె. ఎంత మందున్నరే... ఎంత మందున్నరు!”

దీపాలు వెలిగాయి. అప్పుడు మొగిలి చూశాడు. మఫ్లర్ చుట్టుకున్నా గుర్తుపట్టాడు. నాలుగేళ్లు పక్కపక్క రంపాల మీద పనిచేసినవాడు గుర్తుపట్టకుండా ఉంటాడా? మొహం పాలిపోయింది. లేచి నిలబడి మైకు అందుకున్నాడు.

“నేనొక మాట చెప్పాలె,” అన్నాడు. “ఈ విరుపు నాది...”

చివరి వరసలోంచి రెండు చేతులు పైకి లేచాయి. మణికట్టు మీద మణికట్టు అడ్డంగా పెట్టి ఉన్నాయి. రంపాల చప్పుడులో మాట వినపడని యార్డులో చేతులతోనే మాట్లాడుకుంటారు. ఆ సైగకు అర్థం ఒక్కటే: కోత ఆపు. అది కనిపిస్తే ఎంతటి పనివాడైనా ఎందుకని అడగకుండా రంపం ఆపేయాలి, లేకపోతే ఎవరి ప్రాణమో పోతుంది.

మొగిలి మాట అక్కడే తెంచేశాడు. మైకు కింద పెట్టాడు. కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అభిమానులు అది భావోద్వేగం అనుకుని చప్పట్లు కొట్టారు.

రజిత అన్న వైపు చూసింది. సమ్మయ్య చేతులు ఇంకా దించలేదు. ఈసారి ఆమె వైపే పట్టుకుని ఉన్నాడు. మనిషి సంతకం పెట్టనిదే పేరు బయటపెట్టకూడదన్నది కేంద్రం నియమం. కాగితం పొద్దుటి నుంచీ ఆమె సంచిలోనే ఉంది. దాన్ని రెండుగా మడిచి లోపల పెట్టేసి, వెళ్లి రాజు గారి చెవిలో ఒక మాట చెప్పింది. ఆయన తల ఊపారు.

తెర మీద లిస్టు వచ్చింది. మూడో స్థానం దస్తగిరి. రెండో స్థానం మొగిలి. మొదటి స్థానంలో పేరుండాల్సినచోట ఖాళీ. దాని కింద ఒక్క వాక్యం: “ఈ ఊపిరి మనిషి ఉన్నాడు. పేరు చెప్పడం ఆయనకు ఇష్టం లేదు.”

ఇక చూసుకోండి! మధ్యాహ్నానికల్లా బరి కుతకుత ఉడికిపోయింది. ఖాళీ స్థానం తమవాడి గురువుదని మొగిలి వర్గం. కాదు, తమవాడి మేనమామదని దస్తగిరి వర్గం. అసలా మనిషే లేడు, అంతా కంప్యూటర్ మాయ అని మూడో వర్గం ఒకటి కొత్తగా పుట్టింది. ఆ మూడో వర్గానికి నాయకుడు ఎవరనుకున్నారు? మన సమ్మయ్యే. కిటికీ పక్క మంచం మీద కూర్చుని, రొట్టె చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, మిషన్ చెప్పింది ఎందుకు తప్పో పదహారు కారణాలతో రాశాడు.

నవాబుకు ఒళ్లు మండింది. సమ్మయ్య ఆ జవాబును చెల్లెలికి చదివి వినిపించాడు. “ఇంట్ల కూసొని ఫోన్ల రాసుడు కాదురా మొండోడా. జిందగీల ఒక్క లైన్ పాడినవా? అసలు దమ్మంటే ఏందో ఎర్కేనా నీకు?”

చదవడం పూర్తికాకముందే నవ్వు పొంగుకొచ్చింది. నవ్వాడు, దగ్గాడు, మళ్లీ నవ్వాడు. రజిత కంగారుగా మిషన్ గాలి పెంచింది. చాలుగానీ, ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అని కసిరింది. అతను చేత్తోనే ఆగమని చెప్పి, కళ్లు తుడుచుకుని, ఒక్కో అక్షరం కూర్చుకుంటూ జవాబు రాశాడు.

“నాకేం ఎర్క లేదన్నా. నువ్వే చెప్పు.”

అవతల నవాబు రాయడం మొదలుపెట్టాడు. పెద్ద జవాబే అయి ఉంటుంది, ఎంతసేపటికీ రావడం లేదు. అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే ఫోన్ మీదికి వంగి ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆ నిశ్శబ్దంలో రజిత తన ఊపిరి తాను వింది. ఏడు, ఎనిమిది. తొమ్మిదో దగ్గర ఆగింది, చిన్నగా, ఒక్కసారే. అన్నకు జబ్బు రాకముందు, ఒక్క గది ఇంట్లో పక్క చాప మీద పడుకుని నేర్చుకున్నది. ఈ లోకంలో ఒక్కసారే ఆగే ఆ ఊపిరి ఇప్పుడు తన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదని ఆమెకు అప్పుడు తెలిసింది.